ముదురురంగు చొక్కాలు

చొక్కాకి మూడో గుండీ కుడుతూ ఆమె మళ్ళీ లేచింది. కుర్చీ మీద మరక పడిందేమో చూసుకుని, కొంగు సవరించుకుని కూర్చుంది. కుట్టుషాపులో అందరికీ ఆమె గుండీలక్క. వేలికి సూది గుచ్చుకుంటే రక్తం ఒక పట్టాన ఆగదు. అందుకే మాస్టరు ఆమెకి ముదురురంగు బట్టలే ఇస్తాడు. “తెల్లచొక్కా ఇస్తే ఎర్రపూలు పూయించి తెస్తుంది” అని ఆయనంటే తనూ నవ్వేస్తుంది.

ఇవాళ నవ్వు రాలేదు. కూతురికి మొదటిసారి నెలసరి వచ్చి రెండువారాలైంది, ఇంకా ఆగలేదు. పిల్ల బడిలో కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో తల్లీకూతుళ్ళిద్దరికీ రక్తపరీక్షలు చేశారు. ఫలితాలకి ఇవాళ మధ్యాహ్నం రమ్మన్నారు. మనింటి ఆడవాళ్ళకి ఇంతేనని అమ్మ తేల్చేసింది. తమ్ముడికి హిమోఫిలియా, రక్తం గడ్డకట్టని జబ్బు. అది మగపిల్లలకే వస్తుందనీ, ఆడవాళ్ళు తమకి రాకుండా దాన్ని పిల్లలకి మోస్తారంతేననీ ఎప్పుడో ఎవరో చెప్పిన మాటే ఆ ఇంట్లో వేదవాక్కు.

దారం తెంపి, ఇంటికెళ్ళి పిల్లని వెంటబెట్టుకుని ఆస్పత్రికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

రక్తం గడ్డకట్టించే పదార్థం ఇద్దరిలోనూ తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. స్వల్పరకమే, పిల్లకి లోపం ఇంకాస్త ఎక్కువ.

“అంటే మేం మోసేవాళ్ళమే కదమ్మా?”

“కాదమ్మా. మీ తమ్ముడి జబ్బే మీ ఇద్దరికీ ఉంది. పాపకి ఇవాళే మందు మొదలుపెడదాం. ఇకమీదట పన్ను పీకించుకున్నా, పురుడొచ్చినా ముందే చెప్పాలి. మందిస్తే ఇబ్బంది ఉండదు.”

పురుడన్న మాట విన్నాక ఆమె కుదురుగా కూర్చోలేకపోయింది. పిల్లని వార్డులో చేర్చి, బట్టలకోసం ఇంటికొచ్చింది. సంచి సర్దుతూనే అమ్మకి అంతా చెప్పింది. దుప్పటి మడతపెడుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి.

“మరి అక్క సంగతి?” అంది ఆమె అమ్మతో.

అక్క కాన్పయిన నాలుగోరోజున పోయింది. పచ్చి బాలింత నీళ్ళ బకెట్టు ఎత్తింది, అందుకే రక్తం ఆగలేదన్నారు. ఇన్నేళ్ళూ అమ్మ అదే చెప్పుకుని ఏడ్చింది.

“అయితే బకెట్టు ఎత్తినందుకు కాదుటే?”

“కాదమ్మా.”

అమ్మ దుప్పటిని సంచిలో కుక్కి ఆమె చేతికిచ్చింది. పిల్ల కళ్ళు తెరిచి వెతుక్కుంటుందేమోనని ఆమె పెరటిదారినే గబగబా వెళ్ళిపోయింది.

గోడవారన ఇనపబకెట్టు బోర్లించి ఉంది. అక్క పోయాక దాంట్లో ఎవరూ నీళ్ళు పట్టలేదు. అడుగంతా తుప్పుపట్టి, తూట్లుపడి ఉంది.