నన్ను నా గుంటలో నిలబెట్టండి

నేను ఒక హద్దురాయిని. నన్ను పీకింది మీరే. ఇళ్ళు కట్టి అమ్ముకునే కంపెనీ దొరలూ, పట్టపగలు నా నడుముకు గొలుసు వేసి లాగి, వాగువైపు జరిపి పాతిన దొంగలు మీరు. కిటికీలోంచి చూస్తూ టీ తాగిన కాలనీ పెద్దమనుషులూ, మీకూ ఇందులో వాటా ఉంది. రాయికి నోరేదీ అనుకున్నారు. ఉంది. ఇన్నాళ్ళూ మర్యాద కొద్దీ మూసుకున్నాను, అంతే.

మా ఊరు నాంట్‌వెర్న్. వేల్స్ దేశంలో దక్షిణాన ఉన్న ఒక రేవుపట్నానికి శివారు. నాంట్ అంటే ఆ భాషలో వాగు. పేరులో వాగుంది గానీ ఊళ్ళో లేదు. సిమెంటు గొట్టంలోకి కుక్కి పైన రోడ్డేశారు. ఊరి చివర పచ్చిక దగ్గర మాత్రం ఇంకా కాస్త బయటికి కనిపిస్తుంది, అంతే.

నేను పుట్టింది కొండమీది ఎర్రరాతి గనిలో. నా అవసరం పడింది ఒక శవం వల్ల. వాగొడ్డున ఎవడో ముసలి బిచ్చగాడు చచ్చి పడున్నాడు. పూడ్చే ఖర్చు తప్పించుకోవాలని అటు చర్చివాళ్ళు వీడు మీవాడే అన్నారు, ఇటు చర్చివాళ్ళు కాదు మీవాడే అన్నారు. శవం కంపు కొట్టాక రాజీ కుదిరింది. ఇక మీదట ఎవరి శవం ఎవరిదో తేలాలని నన్ను చెక్కించి పాతారు. వాడు బతికుండగా గుక్కెడు గంజి పోసిన పుణ్యాత్ముడు అటూ లేడు, ఇటూ లేడు.

అప్పట్నుంచి ఏటా వసంతంలో ఊరంతా హద్దుల వెంట ఊరేగేది. నా దగ్గరికి రాగానే పిల్లల్ని తలకిందులుగా పట్టుకుని, నెత్తిని నాకేసి టక్కున తగిలించేవాళ్ళు. హద్దు గుర్తుండాలంటే బుర్రలోకి అలాగే ఎక్కాలట. ఆ తర్వాత అందరూ బీరు తాగడానికి పోయేవాళ్ళు. అసలు ఊరేగింపు దానికే.

తర్వాత పై లోయల్లో బొగ్గు పడింది. తవ్వినవాడు లోయలోనే దగ్గి దగ్గి చచ్చాడు. వాడి మీద పెత్తనం చేసినవాడు మాత్రం పొగ తగలని చోటు వెతుక్కుంటూ మా కొండ కిందికొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. శివారంటే ఇదే, ఇంకేం కాదు. చెట్లు నరికి ఆ చెట్ల పేర్లే వీధులకు పెట్టారు. చివరికి మిగిలింది నాకు పైన ఒక పాత పొలం, నాకూ వాగుకూ మధ్య ఊరుమ్మడి పచ్చిక. వాన దంచినప్పుడు గొట్టం మింగలేని నీళ్ళను ఆ పచ్చికే తాగుతుంది. అదీ తాగలేకపోయిన ఏడు, పల్లపు వీధిలో సరూప వంటింట్లో గిన్నెలు తేలాయి.

సరూప సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. మొగుడు కొమురేష్ సిటీ బస్సు నడుపుతాడు. వరద తగ్గాక వచ్చిన వసంతంలో ఆమె పెరటి తలుపు తీసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా నా మీద కాలెత్తని కుక్క లేదు. ఆమె నన్ను కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నా పాదం చుట్టూ మట్టి గుల్ల చేసి నవధాన్యాలు చల్లింది.

"ఏందే గిది?" అన్నాడు కొమురేష్.

"బొడ్రాయి. బొడ్డు లేని ఊరికి వరద రాక ఏమొస్తది?"

"ఇది బొడ్రాయి కాదే, హద్దురాయి. బొడ్రాయి ఊరి నడుమ ఉండాలె. ఇది అంచుకున్నది."

"మనం ఉన్నది అంచుకే గద. మనకు నడుమ ఇదే."

కుక్కను తిప్పుతూ అటొచ్చిన పక్కింటి ముసలమ్మ ఎలూనెడ్, గింజలకు ఎలుకలు చేరతాయని చీవాట్లు పెట్టింది. సరూప ఆమెను "అవ్వా" అని పిలుస్తుంది. అదేదో నమస్కారమనుకుని ముసలమ్మ కూడా తిరిగి "అవ్వా" అంటుంది. నాకు మాత్రం ఆ రోజు ఒళ్ళు పులకరించింది. శవం కోసం పాతిన రాయికి ఎవరైనా బొట్టు పెడతారా చెప్పండి.

గింజ మొలవకముందే పైపొలం కంపెనీ చేతికి పోయింది. పాత కాగితంలో వాళ్ళ భూమి రాయి దాకా అని ఉంది. రాయి జరిగితే భూమి పెరుగుతుంది కదా. నన్ను జరిపారు, నా గుంటలో కంకర పోసి తొక్కారు. పచ్చికలో సగం మీద ఇళ్ళు లేస్తాయన్నారు.

హద్దు ఎక్కడో తేల్చడానికి సర్కారు అధికారి వచ్చిన రోజు సరూప డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చింది. రాయి ఉన్న చోటే హద్దు అని ఆయన తేల్చబోతుంటే, రాయి ఉన్న చోటు ఇది కాదంది. కొమురేష్ ఆమె చెయ్యి పట్టి లాగాడు.

"ఊకోవే. మనం బయటోళ్ళం."

"బయటోళ్ళ ఇంట్లకు నీళ్ళు రావా?"

అందర్నీ పైకి నడిపించింది. అక్కడ గడ్డి మధ్యలో మోకాలెత్తు గోధుమ, గుండ్రంగా కడియంలా. ఆ చలికి మిగతా గింజలు కుళ్ళిపోయినా గోధుమ లేచింది. కడియం నడుమ, సరిగ్గా నా నడుమంత వెడల్పున, ఉత్త కంకర. కంపెనీవాడు నవ్వాడు. గోధుమదేముంది, ఎవరైనా ఎక్కడైనా చల్లుకోవచ్చన్నాడు.

అప్పుడు ఎలూనెడ్ చేతికర్ర సరూపకిచ్చి, కంకర మీద నిలబడి, వంగి, తన కాళ్ళ మధ్య నుంచి వెనక్కి చూసింది. టోపీ ఊడి పడింది. నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. వంగే మాట్లాడింది.

"చర్చి శిఖరం రెండు గుట్టల సందులో సరిగ్గా ఇరుక్కుని ఉంది. చిన్నప్పుడు నన్ను తలకిందులుగా పట్టుకుని నెత్తి రాయికి కొట్టిన రోజు నాకు కనిపించింది ఇదే. కింద, నువ్వు రాయి పాతిన చోట వంగితే చెట్లు అడ్డం. నమ్మకపోతే నువ్వూ వంగు, అబ్బాయ్."

అధికారి వంగాడు, సూటుతోనే. పైనా వంగాడు, కిందా వంగాడు. కంపెనీవాడు మాత్రం వంగలేదు. ఎర్రబడ్డ మొహంతో లేచిన అధికారి, పరిశీలిస్తామన్నాడు. తగువు తేలేదాకా భద్రంగా ఉంచుతామని నన్ను లారీ ఎక్కించి గోడౌనులో పడేశారు.

ఇప్పుడు నన్ను మ్యూజియంలో పెడతారట. అద్దాల పెట్టెలో, లైటు కింద. కంపెనీకి కావలసిందీ అదే. ఆకు రాలే కాలం వస్తే గోధుమ రాలుతుంది, కడియం చెరిగిపోతుంది. ముసలమ్మ నడుము ఏటా వంగదు. తర్వాత వానలొస్తాయి, సరూప వంటింట్లోకి నీళ్ళొస్తాయి.

మీ మ్యూజియం నాకొద్దు. మీ పరిశీలన అంతకన్నా వద్దు. గోధుమ వెన్ను వేసిందట, కొమురేష్ బస్సు ఆపి మరీ చూసొస్తున్నాడట. అది రాలకముందే కదలండి. ఆ కంకర తోడండి. కిటికీలోంచి చూసినవాళ్ళే వచ్చి గొలుసు పట్టండి. నన్ను నా గుంటలో నిలబెట్టండి. నిలబెట్టాక, ఆ కంపెనీవాణ్ణి తలకిందులుగా పట్టుకుని నెత్తిని నాకేసి ఒక్కసారి తగిలించండి.

గుర్తుంటుంది.