నీలం ఎక్కువైన బొమ్మలు

“ఇది కొత్త చొక్కానా? ఎప్పుడు కొన్నారు?” అని అడిగారు అత్తయ్య, ఆరిన బట్టలు మంచం మీద వేసుకుని మడతపెడుతూ. కుడికంటి శుక్లం తీయించుకుని అప్పటికి నాలుగు రోజులు. పని జోలికి వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడు. వద్దంటే వినే మనిషి కాదావిడ. బట్టలు మడతపెట్టడం కూడా పనేనా అంటారు.

“కొత్తదేం కాదత్తయ్యా. మామయ్య అయిదేళ్ళుగా తొడుగుతున్నదే.”

ఆవిడ ఒక కన్ను మూసి చూశారు. తర్వాత రెండోది మూసి చూశారు. “ఈ కంటికి టీలో ముంచి తీసినట్టుంది. ఈ కంటికి పాలలా ఉంది. తెలుపంటే ఇంత తెల్లగా ఉంటుందని మర్చేపోయానమ్మాయ్!” అని పకపకా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగిపోయారు. చొక్కా అక్కడే వదిలేసి వెనక గదిలోకి వెళ్ళారు. ఎందుకో నాకు తట్టడానికి అరనిమిషం పట్టింది. ఆవిడ బొమ్మలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి.

గది అనడమే గానీ, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ బల్ల పెట్టాక ఒక్క మనిషి నిలబడే చోటు మిగులుతుంది. ఆ ఇస్త్రీ బల్ల మీదే అత్తయ్య నలభై ఏళ్ళుగా నీటిరంగులు వేస్తున్నారు. ఎవరూ నేర్పలేదు. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక, మామయ్య కునుకు తీసి లేచి టీ అడిగేలోపు దొరికే గంట ఆవిడది. మా ఆయన చుట్టాలతో “అమ్మకి బొమ్మల పిచ్చి” అనేవాడు. మామయ్యయితే “నీళ్ళరంగులేగా, తడిగుడ్డ పెడితే పోతాయి” అని జోకు. నేనేం తక్కువ తినలేదు. పెళ్ళయిన కొత్తలో “మీకింత తీరిక ఎలా దొరుకుతుందత్తయ్యా?” అని అడిగాను. పొగుడుతున్నాననే అనుకున్నాను.

నాది ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. రోజంతా నలుపూ తెలుపూ చూసి చూసి, సెలవురోజు మధ్యాహ్నం ఆవిడ పక్కన వచ్చి నిలబడేదాన్ని. తడికాగితం మీద ఒక చుక్క వదిలితే రంగు తనంతట తనే పాకిపోయేది. ఆవిడ కుంచె పైకెత్తి, ఊపిరి బిగబట్టి చూసేవారు. “ఇప్పుడు చెయ్యి పెట్టామా, చెడిపోతుంది. కాస్త ఓపిక పట్టాలి” అనేవారు. తెల్లరంగు డబ్బా లేదేంటని ఒకసారి అడిగాను. “తెలుపు వెయ్యనమ్మాయ్. కావలసిన చోట కాగితాన్ని అలాగే వదిలేస్తాను. ఎక్కడ వదలాలో ముందే తెలియాలి, తర్వాత తెచ్చిపెట్టలేం” అన్నారు. ఇంటెడు చాకిరీ మధ్య తన గంటని ఆవిడ అలాగే, ఒక్క మరక పడకుండా కాపాడుకుంటున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

శుక్లం ఉందని డాక్టరు చెప్పి ఏడేళ్ళు. ఆ ఏడాది మామయ్యకి మోకాలి ఆపరేషన్. ఆయన లేచి తిరిగేసరికి నా కాన్పు. “పిల్ల నడిచేదాకా ఆగండత్తయ్యా, నాకిక సెలవుల్లేవు” అని నేనే అడిగాను. పిల్ల నడిచింది, పరిగెత్తింది, బడికి కూడా వెళ్ళింది. ఈలోగా ఆడపడుచుకి జబ్బు చేస్తే ఆర్నెల్లు అక్కడ వండిపెట్టి వచ్చారు. ఆవిడ కన్ను ఎప్పుడూ వరసలో ఆఖరే. ముక్కూమొహం తెలియని వాళ్ళ ఎముకల్లో వెంట్రుకంత పగులు కనిపెట్టే నేను, అత్తయ్య కప్పు పక్కన టీ పోస్తుంటే “కాస్త చూసి పోయండి” అని విసుక్కున్నాను.

నేను వెళ్ళేసరికి బొమ్మలు నేలమీద పరుచుకుని మధ్యలో కూర్చున్నారు. ఆ ఏడేళ్ళలో వేసినవి పద్దెనిమిది. తీగ మీద దుప్పట్లు, వాననీళ్ళు నిలిచిన వీధి, ఉయ్యాల్లో నిద్రపోతున్న నా కూతురు. అన్నీ నీలమే. పసిపిల్ల బుగ్గల్లో కూడా నీలం. కంట్లో పచ్చటి పొర నీలాన్ని మింగేస్తుంటే, కనబడడానికని ఆవిడ ఇంకాస్త, ఇంకాస్త వేస్తూ పోయారు. మాకు కనిపిస్తూనే ఉంది. ఆవిడ ముచ్చటలే అని ఊరుకున్నాం.

“ఒక్కళ్ళయినా చెప్పలేదేంటమ్మాయ్?” అన్నారు.

మూడు వారాల్లో గ్రంథాలయం హాల్లో ఆవిడ బొమ్మల ప్రదర్శన. జీవితంలో మొదటిది. లైబ్రేరియనమ్మ ఇంటికొచ్చి మరీ ఒప్పించింది. నీలం సంగతి వినగానే మామయ్య తేల్చేశారు: “ఆ నీలంవన్నీ కట్టగట్టి అటక మీద పడెయ్. పాతవి పెట్టు. లేకపోతే నలుగుర్లో నవ్వులపాలవుతాం.”

“పైన వేరే రంగు వేసెయ్యమ్మా, ఏముంది” అన్నాడు మా ఆయన.

రెండు రోజులు అత్తయ్య ఆ గది వైపు వెళ్ళలేదు. మూడోరోజు నా కూతురి బొమ్మ బల్ల మీద పెట్టుకుని కుంచె తడిపారు. ఆ కుంచె ఆరిపోయేదాకా బొమ్మని చూస్తూ కూర్చున్నారు. అప్పుడు లేచి లైబ్రేరియనమ్మకి ఫోన్ చేశారు. “పద్దెనిమిదీ పెడతానండీ. గోడ చాలకపోతే పాతవి తీసేద్దాం.”

“నీకేమన్నా మతిపోయిందా?” అన్నారు మామయ్య.

“ఉన్న కంటితో ఉన్నది వేశాను. ఇప్పుడు దిద్దితే ఆ ఏడేళ్ళూ నేను బతకనట్టే” అన్నారు అత్తయ్య. గొంతు కూడా పెంచలేదు. మామయ్య పేపర్లో తల దూర్చారు. నాకు మాత్రం లేచి ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

ప్రదర్శనకి జనం బాగానే వచ్చారు. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ నా కూతురి బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, “పిల్ల ప్రాణంతో ఉన్నట్టే ఉంది. ఇంత నీలం ఎందుకేశారమ్మా?” అని అడిగింది.

మామయ్య నవ్వుతూ ముందుకొచ్చారు. “అప్పుడు ఈవిడకి కంట్లో పొర ఉండేదిలెండి, పట్టించుకోకండి.”

“నిజమే” అన్నారు అత్తయ్య. “కంటి ఆపరేషన్‌కి తీరిక దొరకలేదు. బొమ్మకి మాత్రం దొరికించుకున్నాను.”

బట్టలు కుట్టే ఆవిడ నవ్వలేదు. “ఎవరివ్వలేదమ్మా తీరిక?” అంది.

అత్తయ్య మా వైపు చూడనైనా లేదు. మమ్మల్ని బయటపెట్టే ఉద్దేశం ఆవిడకి లేదు. నేనే అన్నాను: “మేమేనండీ. ఆ పిల్ల తల్లిని నేనే.” మా ఆయన మోచేత్తో పొడిచాడు. నేను కదల్లేదు. అత్తయ్య కాదనలేదు, నన్ను ఊరడించనూ లేదు. నా భుజం మీద చెయ్యి వేసి, ఆ వచ్చినావిడకి పక్క బొమ్మ చూపించారు.

ఆ తర్వాత ఇంట్లో అందరికీ ఎక్కడలేని తొందర. మా ఆయన రెండో కంటి ఆపరేషన్‌కి తారీఖు తీసుకున్నాడు. నేను పదిరోజులు సెలవు పెట్టాను. వంటకి ఇద్దరం వంతులు వేసుకున్నాం. “సోమవారమేనమ్మా, ఇక ఆలస్యం చెయ్యం” అన్నాడు ఘనంగా.

అత్తయ్య కాగితం తడుపుతున్నారు. తలెత్తలేదు. “సెలవు పెట్టారుగా, మంచిది. వంట మీరే కానివ్వండి. సోమవారం మాత్రం కుదరదు.”

“అదేంటమ్మా?”

“ఈ ఎడమకన్ను చూసే రంగులు ఆ పొరతోనే పోతాయిరా. మళ్ళీ రావు. ఈ కంటితో ఇంకొక్క బొమ్మ వేసుకోవాలి. అయ్యాక నేనే చెబుతాను.”

మా ఆయన నా వైపు చూశాడు, నచ్చజెప్పమన్నట్టు. ఇన్నేళ్ళలో ఆవిడ తనకోసం వేసుకున్న మొదటి వాయిదా అది. నేను ఫోన్ తీసి, డాక్టరుగారి క్లినిక్‌కి చేసి, సోమవారం మేం రావడం లేదని చెప్పాను.