టమాటా మొక్కకు కట్టిన బ్యారెల్

ఈ తప్పు మీదే, వైట్ ఓక్ రైఫిల్ క్లబ్బు కమిటీ పెద్దలూ. ఇంకెవరి మీదకూ నెట్టకండి. మూతపడిన ఉక్కు మిల్లు మీదకు నెట్టకండి, కాలం మారిందన్న మాట మీదకు అసలే నెట్టకండి. క్లబ్బు గోడకు ఆ కాగితం అంటించింది మీరు. వచ్చే వసంతం నుంచి పేరున్న షాపులో తయారైన రైఫిళ్ళకే పోటీలో చోటనీ, ఇంట్లో కూర్చుకున్నవి ఆనించి కాల్చే బెంచీ మీద పెట్టకూడదనీ రాసింది మీరు. కింద సంతకం మీ అధ్యక్షుడు, పళ్ళ డాక్టరు హాలండ్ ప్రిట్చర్డ్‌ది. ఆ బెంచీలకు సిమెంటు కలిపిందెవరు? మిల్లు మనుషులు. ఆదివారం పూట చర్చి నుంచి తిన్నగా వచ్చి, మంచి చొక్కాలు విప్పి కొమ్మలకు తగిలించి కలిపారు. మీలో ఒక్కరి గోటికైనా ఆ సిమెంటు అంటిందా?

లియోనా హుదాక్ చేతికి అంటింది. మూడో బెంచీ కాలి మీద ఆమె అరచేతి ముద్ర ఇప్పటికీ ఉంది. అప్పుడు కొత్త పెళ్ళికూతురు, ఇప్పుడు స్కూలు బస్సు తోలుతోంది. శనివారం వస్తే ఆ బెంచీ దగ్గరే ఉంటుంది, వాళ్ళ నాన్న ఇంట్లోనే బాగుచేసుకుని వదిలి వెళ్ళిన పాత ఆర్మీ రైఫిల్‌తో. ఆ బెంచీ ఆమెకు దక్కుతుందా లేదా అన్నదే ఈ కథ.

కాగితం అంటించిన రోజు మీటింగులో లియోనా లేచి నిలబడింది. పక్కన కూర్చున్న మరిది స్టుష్ ఆమె చొక్కా అంచు పట్టుకుని లాగాడు. ఆమె కూర్చోలేదు.

"డాక్టరు గారూ, ఇంట్లో చేసిన రైఫిల్ ఏం పాపం చేసింది?"

"పాపమేం లేదు లియోనా. నిలకడ లేదు. ఒక తూటా ఇక్కడ, ఒకటి పక్క ఊళ్ళో. పోటీ స్థాయి పడిపోతోంది."

"పేల్చి చూడకుండానే ఎట్లా చెప్తారు? నోరు తెరవకుండానే నా పన్ను పుచ్చిందని చెప్తారా?"

వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. ప్రిట్చర్డ్‌కు నవ్వులంటే గిట్టదు. ఆయన మెడ ఎర్రబడింది.

"సరే. అక్టోబరు పోటీలో ఇంట్లో చేసిన రైఫిల్‌తో ఎవరైనా అయిదు తూటాల్ని డైము కింద దాచి చూపించండి. ఆ కాగితం నా చేత్తో నేనే చించుతా."

డైము అంటే పది సెంట్ల బిళ్ళ, జేబులో ఉన్న నాణేలన్నిటిలో చిన్నది. వంద గజాల దూరంలో కాగితానికి అయిదు తూటాలు కొట్టాక దాని మీద డైము పెట్టి చూస్తారు. చిల్లు ఏ పక్కనుంచైనా తొంగిచూసిందా, ఇంటికి పోవాల్సిందే. ఎప్పటినుంచో క్లబ్బులో ఇదే లెక్క.

"అందరూ విన్నారుగా," అంది లియోనా, కూర్చుంటూ.

"వదినా, మన దగ్గర ఏముందని?" అన్నాడు స్టుష్ గొణుగుతూ.

"నీ దగ్గర లేతు మిషనుంది. నా దగ్గర నోరుంది. మిగతాది ఏరుకొస్తాం."

ఏరుకురావడం అంటే నిజంగా ఏరుకురావడమే. నాన్న రైఫిల్‌లో, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు కూర్చునే ఉక్కు భాగం గట్టిది, దాన్ని ఉంచుకున్నారు. తూటా దూసుకుపోయే గొట్టం, ఆ సన్నటి పాత బ్యారెల్, భుజానికి ఆనించే పురుగు పట్టిన కర్ర తీసేశారు. కొత్త కర్రకు చెక్క, నేల మీద బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ హాలు నుంచి వచ్చింది. ఆ హాలు కూల్చేసినప్పుడు స్టుష్ ఒక మేపుల్ పలక భుజాన వేసుకొచ్చి గరాజులో పడేశాడు, ఎందుకు తెచ్చాడో అప్పుడు వాడికే తెలీదు. చెక్కి, తోమి, నూనె పట్టిస్తే, బంతి ఎటు దొర్లించాలో చూపే నల్ల బాణం గుర్తు సరిగ్గా చెంప ఆనే చోటికి వచ్చింది. లియోనా దాన్ని తుడిచెయ్యనివ్వలేదు. "గుడ్డిదాన్నయ్యాక కూడా తూటా ఎటు పోవాలో తెలుస్తుంది," అంది.

ఇక బరువైన బ్యారెల్ కావాలి. లావుగా ఉంటే తొందరగా వేడెక్కదు, పేలినప్పుడు కొరడాలా ఊగదు. అలాంటిది కొత్తది కొనాలంటే లియోనా బస్సు అమ్ముకోవాలి, ఆ బస్సు స్కూలువాళ్ళది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఓల్గా పెద్దమ్మ పెరటి వసారాలో నిమ్మరసం తాగుతున్నారు. ఓల్గా జుర్కో చర్చిలో పిరోగీల పెద్ద. శుక్రవారం అమ్మకానికి గురువారమే హాలు నిండా ఆడవాళ్ళను కూర్చోబెట్టి, పిండిలో బంగాళాదుంప కూరించి అంచులు నొక్కిస్తుంది. ఆవిడ మాటకు ఫాదరే ఎదురు చెప్పడు. లియోనా కళ్ళు పెరట్లో టమాటాల మీద పడ్డాయి. మొక్కలన్నీ కర్రలకు కట్టి ఉన్నాయి. ఒక్క మొక్కకు కట్టింది మాత్రం మెరుస్తోంది.

"పెద్దమ్మా, ఆ చివరి టమాటాకి ఏం కట్టావు?"

"ఇనప కడ్డీ. మీ క్లబ్బు చెత్త డబ్బాలో పారేస్తే తెచ్చుకున్నా. ఏం, అది కూడా మీదేనంటారా?"

స్టుష్ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని మట్టి గోకుతున్నాడు. కడ్డీ కాదది, బ్యారెల్: తుప్పు పట్టని ఉక్కు, మణికట్టంత లావు. పై కొనకు పెద్దమ్మ ఒక చిన్న సీసా బోర్లించింది, కళ్ళకు గుచ్చుకోకుండా. అందుకే వాన నీళ్ళు లోపలికి పోలేదు. కింది కొన ఒక్కటే మట్టిలో ఉంది.

ఇలాంటి తెలివితక్కువ పని ఈ పోటీల మనుషులు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యరు. వేలకొద్దీ తూటాలు పేలేసరికి బ్యారెల్ వెనక కొన, మంట పుట్టే చోట, కొంచెం కాలిపోతుంది. ముందుదంతా బంగారంలా ఉంటుంది. అయినా గురి వెంట్రుకవాసి తప్పగానే మొత్తం పీకి అవతల పారేసి కొత్తది తెప్పిస్తారు. కాలిన ముక్క కోసేసి మళ్ళీ మరచుట్లు కోసుకుంటే చాలన్న సంగతి వాళ్ళకు తెలియక కాదు. చేతికి గ్రీజు అంటుతుందని.

స్టుష్ దాన్ని తిప్పి చూసి ఈల వేశాడు. పై కొన దగ్గర చిన్న అక్షరాలు చెక్కి ఉన్నాయి: హెచ్. పి.

"ఎవరిదో చూశావా వదినా?"

"చూశా. నోరు మూసుకో."

"నా టమాటా పడిపోతే ఎవరిది పూచీ?" అంది పెద్దమ్మ.

లియోనా ఇంటికెళ్ళి చీపురు కర్ర తెచ్చి ఆ మొక్కకు కట్టింది.

మట్టిలో ఉన్న ఆ కాలిన కొన స్టుష్ కోసేశాడు. లేతు మీద కొత్త మరచుట్లు కోశాడు, తూటా బయటికొచ్చే మూతి మళ్ళీ చదును చేశాడు. చేస్తున్నంతసేపూ మిల్లులో తనెంత గొప్ప పనివాడో చెప్తూనే ఉన్నాడు. లియోనా వింటూ కర్రలో గాడి తొలిచింది. ఆ గాడిలో బ్యారెల్ ఎక్కడా చెక్కకు తగలకూడదు. తగిలిందో లేదో చూడటానికి డాలరు నోటు కన్నా మంచి పనిముట్టు లేదు. రెంటి మధ్యా నోటు దూర్చి లాగితే మొదలు నుంచి చివరిదాకా జారిపోవాలి. వీళ్ళ నోటు సగంలో ఆగింది. మళ్ళీ తొలిచింది. మళ్ళీ ఆగింది. నోటు మీది దేశాధ్యక్షుడి ముక్కు అరిగిపోయేదాకా తొలిస్తే అప్పుడు జారింది.

తప్పు ఆ తర్వాత జరిగింది. బ్యారెల్ గాల్లో ఉన్నా, బోల్టు కూర్చునే ఉక్కు భాగం మాత్రం కర్రలో కదలకుండా అతకాలి. దానికి గట్టిపడే జిగురు పోసి, ఉక్కును అందులో కూర్చోబెట్టి, ఆరాక పైకి తీస్తారు. పైకి రావాలంటే ముందే ఉక్కుకంతా బూటు పాలిష్ పుయ్యాలి. ఆ పని స్టుష్ తీసుకున్నాడు. పుయ్యడమైతే పూశాడు. మిల్లు కథ ఒకటి రసపట్టులో ఉండగా, అడుగున వేలాడే ఉక్కు ముక్కను మర్చిపోయాడు.

ఆరింది. మరలు విప్పారు, లాగారు. రాలేదు. రబ్బరు సుత్తితో తట్టారు. ఉలుకూ పలుకూ లేదు. కర్రా ఉక్కూ ఒకే ముక్క అయి కూర్చున్నాయి.

"అడుగుకి పూశావా?" అంది లియోనా.

స్టుష్ పాలిష్ డబ్బా వంక చూశాడు, అదేదో తన తరఫున సాక్ష్యం చెప్తుందన్నట్టు.

"పూశాననే అనుకున్నా వదినా."

"ముప్పై ఏళ్ళు మిల్లులో నువ్వు చేసిందంతా ఇట్లాగే అనుకుని చేశావా? అందుకే మూసేశారేమో."

ఆ మాటకు స్టుష్ నిజంగా బాధపడ్డాడు. అతని మొహం చూసి లియోనాకు నవ్వు ఆగలేదు. కాసేపటికి అతనికీ ఆగలేదు. పోటీ ఇంకో వారంలో ఉంది.

"చలికి ఉక్కు ముడుచుకుంటుంది, జిగురు వదిలేస్తుంది," అన్నాడు స్టుష్. "పెద్ద ఫ్రీజర్ కావాలి. ఇంత పొడుగుది."

అంత పొడుగు ఫ్రీజర్ ఊళ్ళో ఒక్కటే ఉంది. చర్చి కింద, పిరోగీలతో.

గురువారం పొద్దున్నే దుప్పట్లో చుట్టుకుని తీసుకెళ్ళారు. హాల్లో ఆడవాళ్ళంతా పిండి చేతులతో తలలెత్తి చూశారు. ఓల్గా పెద్దమ్మ ఫ్రీజర్ మూత మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఏంటది?"

"రైఫిల్," అంది లియోనా.

"నా పులిసిన క్యాబేజీ పిరోగీల మీదా? నీకు మతి ఉందా?"

"కాసేపే పెద్దమ్మా. అతుక్కుపోయింది."

"ముందు బోల్టు ఎక్కడుందో చెప్పు. మా ఆయన ముప్పై ఏళ్ళు వేటకెళ్ళాడు, బోల్టు తియ్యకుండా గడప దాటనివ్వలేదు నేను."

లియోనా బోల్టు తీసి ఆవిడ చేతిలో పెట్టింది, ఇక ఆ రైఫిల్ పేలదు. ఆవిడ దాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది.

"ఇద్దరూ చేతులు కడుక్కోండి. అది చల్లబడేదాకా అంచులు నొక్కాలి. ఒక్కటి విచ్చుకున్నా బోల్టు ఇవ్వను."

నొక్కారు. స్టుష్ నొక్కినవి చూసి ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఒకావిడ అతని పిరోగీ ఎత్తి చూపించి, "ఇది డాక్టరు ప్రిట్చర్డ్ పీకిన పన్నులా ఉంది," అంది. సాయంత్రం నాలుగయ్యేసరికి పెద్దమ్మ ఫ్రీజర్ మూత ఎత్తింది. రైఫిల్ మంచు పట్టి తెల్లగా ఉంది. స్టుష్ బ్యారెల్ పట్టుకున్నాడు, లియోనా కర్ర అడుగున అరచేత్తో ఒక్కటి కొట్టింది. టప్‌మని ఊడొచ్చింది. హాలంతా చప్పట్లు. జిగురులో ఆ ఉక్కు ముక్క అచ్చు అద్దంలా నున్నగా దిగి ఉంది. పాలిష్ పూసి ఉంటే అంత బాగా వచ్చేది కాదని స్టుష్ వెంటనే మొదలుపెట్టాడు. ఎవరూ వినలేదు. పెద్దమ్మ బోల్టు తిరిగిచ్చింది.

అక్టోబరు శనివారం. కొండ మీద ఆకులు ఎర్రబడ్డాయి, కొండ పక్కనుంచి గాలి అల్లరిగా వీస్తోంది. చర్చి ఆడవాళ్ళు ఎప్పుడూ క్లబ్బు ముఖం చూడనివాళ్ళు, మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మూడో బెంచీ మీద లియోనా ఇసక సంచులు సర్దుకుంది. ప్రిట్చర్డ్ ఆమె రైఫిల్ చూసి కనుబొమలెత్తాడు.

"ఆ బాణం గుర్తేంటి లియోనా, దారి తప్పకుండానా?"

"మీకోసమే పెట్టాను డాక్టరు గారూ. చిల్లు ఎక్కడుందో వెతుక్కోకుండా."

గాలి వాటం తెలియడానికి గురి కాగితం దాకా కర్రలకు రిబ్బన్లు కట్టి ఉన్నాయి. అవి ఎడమకు వాలినప్పుడు మొదటి తూటా వదిలింది. మళ్ళీ అంతే వాలేదాకా ఆగి రెండోది. మూడోది. నాలుగోది. దుర్భిణిలో చూస్తే కాగితం మీద ఒకే చిల్లు, కొంచెం పెద్దదవుతోంది. ఇక ఒక్కటి. ఇంతలో రిబ్బన్లు తిరగబడ్డాయి, కుడికి. లియోనా ట్రిగ్గర్ మీదనుంచి వేలు తీసేసింది.

"టైము అయిపోతోంది," అన్నాడు ప్రిట్చర్డ్, గడియారం చూస్తూ.

స్టుష్ మాట్లాడకుండా ఉండటం ఊళ్ళో చాలామంది అదే మొదటిసారి చూడటం. లియోనా చెంప మేపుల్ చెక్కకు ఆనించి అలాగే ఉంది. వదిలేస్తే బెంచీ పోయింది. తొందరపడినా పోయింది. రిబ్బన్లు నిలువుగా వేలాడాయి, ఊగాయి, నెమ్మదిగా ఎడమకు వాలాయి. వేలు కదిలింది.

కాగితం తెచ్చారు. ప్రిట్చర్డ్ తన డైము దాని మీద పెట్టాడు. కళ్ళద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. కాగితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చిల్లు ఏ పక్కనుంచీ కనబడలేదు.

"బ్యారెల్ ఎవరిది?" అన్నాడు చివరికి.

"మీదే," అంది లియోనా. రైఫిల్ తిరగేసి అక్షరాలు చూపించింది.

ఆయన ఆ అక్షరాల్ని వేలితో తడిమాడు. "అయితే ఇది ఇంట్లో చేసింది కాదు," అన్నాడు నెమ్మదిగా. "ఈ బ్యారెల్ పేరున్న షాపులో పుట్టింది. కాబట్టి లెక్కలోకి రాదు."

ఓల్గా పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది.

"డాక్టరూ, వేసవంతా అది నా టమాటాలు మోసింది. అప్పుడు షాపువాళ్ళు వచ్చి నీళ్ళు పోశారా? నువ్వు కూడా మీ అమ్మ ఇంట్లోనే పుట్టావుగా. నిన్ను కూడా లెక్కలోంచి తీసేద్దామా?"

మిల్లు మనుషులు నవ్వారు, చర్చి ఆడవాళ్ళు నవ్వారు, ప్రిట్చర్డ్ పక్కన నిలబడ్డ కమిటీ మనుషులూ నవ్వారు. ఆయన మూతి కూడా ఒక పక్కకు జారింది. చెయ్యి చాచి, "బాగా కొట్టావు లియోనా," అన్నాడు. అక్కడితో ఊరుకుంటే మనిషి బాగుపడేవాడు. ఊరుకోలేదు. "కాగితం సంగతి జనవరి మీటింగులో పరిశీలిస్తాం."

లియోనా ఆ చెయ్యి వదల్లేదు. "డైము కింద దాచమన్నారు, దాచాను. జనవరి సంగతి మీరు అనలేదు."

పరిశీలించడానికి ఏముంది, కమిటీ పెద్దలూ? డైము మీది. బ్యారెల్ మీది. మాటా మీదే. జనవరి దాకా ఆగేది లేదు. ఇప్పుడే, ఆ బిళ్ళ కాగితం మీద ఉండగానే, గోడ దగ్గరకు నడవండి. ఆ నోటీసు చించండి. మూడో బెంచీ లియోనా హుదాక్‌కూ, ఇంట్లో రైఫిల్ కూర్చుకున్న ప్రతివాడికీ తెరిచి ఉందని అదే చోట రాయండి. మీరు పారేసే బ్యారెళ్ళు చెత్త డబ్బాలో వెయ్యకుండా తలుపు పక్కన నిలబెట్టండి, కావలసినవాళ్ళు తీసుకుపోతారు. ఆడవాళ్ళు పిరోగీలు వేయించడం మొదలుపెట్టారు. అవి చల్లారకముందే చించండి.