హన్నమ్మ వేలు

నాలుగోసారి కూడా మిషన్ మీద ఎర్రదీపమే వెలిగింది. "మీ వేలిముద్ర సరిపోలేదు" అని లోపలినుంచి ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది. హన్నమ్మ బొటనవేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టబోతే, మిషన్ పట్టుకొచ్చి పింఛన్లు పంచుతున్న సుందరరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆళ్లగడ్డ పంచాయతీ వరండాలో మొదలైన పింఛను వరస పదకొండింటికే ఎండలోకి పాకింది. నిరుటిదాకా మనిషిని చూసి రెండు వందలు చేతిలో పెట్టేవాళ్లు. రెండువేల ఎనిమిది వచ్చాక వేలిని చూసి ఇస్తున్నారు. మూడు నెలలు వరసగా తీసుకోకపోతే మనిషి లేదని పేరు కొట్టేస్తారు. హన్నమ్మకు ఇది మూడో నెల.

ఆమె వేళ్ల మీద గీతలు లేవు. ఇరవై రెండేళ్లుగా విగ్రహాల షెడ్డులో, ఉలిపని అయిన రాతిని నీళ్లు పోసి సానరాయితో రుద్ది నున్నగా చేస్తోంది. కూలి డెబ్బై రూపాయలు. దేవతల వేళ్లు నునుపు తేలేకొద్దీ ఆమెవి అరిగిపోయాయి. కార్డు ఇచ్చిననాడు సగంసగం పడిన ముద్ర ఆ తర్వాత ఒక్కసారీ కలవలేదు. పది రోజులు రాయి ముట్టకుండా ఆముదం రాసుకుంటే గీతలొస్తాయని నంద్యాల ఆఫీసులో అన్నారని సుందరరాజు చెబితే, తమ పేటలో పిల్లవాడే కదా అని నమ్మి పనికి పోలేదు. ఏడోనాటికి ఇంట్లో గంజే మిగిలింది. గీతలు రాలేదు.

"పెద్దమ్మా, ఇంగొక దోవ ఉండాది" అన్నాడు సుందరరాజు గొంతు తగ్గించి. ఆమె పేరు మీద ఇంకొకరి వేలు ఎక్కించొచ్చట. నెలనెలా ఆ మనిషి వచ్చి వేలు పెడితే చాలట. నంద్యాలలో అలాగే కానిమ్మన్నారట.

షెడ్డు యజమాని భార్య రామేశ్వరమ్మ, పింఛనుకొచ్చిన అత్తకు తోడుగా వరసలోనే ఉంది.

"నా వేలు పెడతాలేవే. నెలనెలా దుడ్లు నేనే తీసిస్తా. మా పని ఇడిసిపెట్టి నువ్వు యాడికి పోతావులే" అంది నవ్వుతూ.

ఆకలి మీదున్న హన్నమ్మ తలూపింది.

రామేశ్వరమ్మ వేలు ఆనగానే పచ్చదీపం వెలిగింది. "నమస్కారం, హన్నమ్మ గారూ" అంది మిషన్.

"ఇంగ రాళ్లు రుద్దేది గూడా ఈ హన్నమ్మేనా?" అన్నాడు వెనక నిలబడిన ముసలి పుల్లయ్య. వరసంతా నవ్వింది. రామేశ్వరమ్మ కూడా నవ్వింది.

సుందరరాజు ఖాయం చేసే మీట నొక్కబోయాడు. హన్నమ్మ చెయ్యి మిషన్ మీద పడింది.

"నొక్కొద్దు నాయనా. ఆయమ్మ వేలు తీసెయ్."

"నొక్కకుంటే నీ పేరు పోతాది పెద్దమ్మా."

"నొక్కినా పోతాది గదప్పా."

రామేశ్వరమ్మ నవ్వు ఆగింది. రేపటినుంచి షెడ్డు దిక్కు రావద్దని చెప్పి, అత్త రెక్క పట్టుకుని పక్కకు జరిగింది. ఎండ కాలుస్తోంది, తప్పుకోమని పుల్లయ్య కసిరాడు. సుందరరాజు మీట దగ్గరే వేలుంచి ఆమె మొహం చూస్తున్నాడు. అరిగిన అరచేతి కింద మిషన్ వెచ్చగా ఉంది. హన్నమ్మ చెయ్యి తియ్యలేదు.