తొండం ఉన్న నాన్నమ్మ

ఆమె భయమంతా ఒక్కటే: అత్తగారు కన్నుమూసేలోగా పాప ఆవిడ గదిలో అడుగు పెట్టదేమోనని. పాలు పట్టడానికి ముక్కులో గొట్టం వేసిన రోజు నుంచి నాలుగేళ్ళ చిట్టిది గుమ్మం దగ్గరే ఆగిపోయి, "అది నాన్నమ్మ కాదు" అంటోంది.

ముందుగదే ఆమె కుట్టు కొట్టు. ఆ పొద్దున ఎవరిదో కోటుకు లోపల వేసే నల్లగుడ్డను బల్ల మీద పరిచి, భుజం కొలత గీయబోయింది. చేయి దారి తప్పింది. సుద్దముక్క ఏనుగును గీసింది. దానికి అత్తగారి కళ్ళజోడు పెట్టింది, నెత్తిన ఆవిడ వేలెడు ముడి కూడా వేసి, చిట్టిదాన్ని పిలిచి చూపించింది.

"ఈ ఏనుగు నాన్నమ్మకి గొంతు నొప్పి. ముద్ద దిగట్లేదు. అందుకే తొండంతో పాలు తాగుతోంది."

"మన నాన్నమ్మలాగా?"

"అచ్చం మన నాన్నమ్మలాగే."

చిట్టిది గుడ్డను చంకన పెట్టుకుని చరచరా లోపలికి నడిచింది. పాలగ్లాసుతో ఆమె వెనకే పరుగెత్తింది.

అత్తగారు బొమ్మను ఎగాదిగా చూసి గొంతు పెగల్చుకున్నారు.

"చెవులు మరీ అంతున్నాయేంటే పిల్లా?"

"గోడ అవతల గుసగుసలు కూడా వినబడతాయిగా మీకు, అత్తయ్యా."

ముసలావిడ నవ్వబోతే దగ్గొచ్చింది. ఆమె గొట్టంలోకి పాలు వదులుతుంటే చిట్టిది మంచమెక్కి, "మెల్లిగా తాగు, పొలమారుతుంది" అంటూ నాన్నమ్మ దబాయింపునే నాన్నమ్మకు తిరిగి అప్పజెప్పింది.

మధ్యాహ్నం ప్యాంటు అంచులు మడిచి కుట్టి ఆమె లోపలికి వెళ్ళేసరికి ఇద్దరూ పక్కపక్కనే పడుకుని ఉన్నారు. పిలిస్తే చిట్టిది కదిలింది. అత్తగారు కదల్లేదు.

సాయంత్రం డాక్టరు వచ్చి చూసి, గొట్టం తీసేశాడు.

"అమ్మా, తొండం ఏది?"

ఆమె గుడ్డ మీది తొండాన్ని బొటనవేలితో తుడిచేసింది.

"నాన్నమ్మకి ఇంక పాలు వద్దట. ఆకలి లేదట."

"రేపు?"

"రేపు కూడా."

చిట్టిది ఏడ్చింది. గుమ్మం దగ్గర నిలబడి కాదు, నాన్నమ్మ చెయ్యి పట్టుకుని.

ఆమె మాత్రం ఇంతవరకూ ఏడవలేదు. వచ్చిన బట్టలు వచ్చినట్టే కుట్టి ఇస్తోంది. అడిగితే "బాగానే ఉన్నా" అంటోంది. అటు వెళ్తే, గుండీ ఊడిందనే వంకతోనైనా ఒక్కసారి ఆమెను చూసి రండి. బల్ల పక్కన మేకుకు నల్లగుడ్డ వేలాడుతుంటుంది. దాన్ని మాత్రం దులపకండి.