బంబు పీకిన రోజు

నీళ్లు కాచే రాగి బంబు అడుగు చిల్లుపడి పొయ్యిలోకి నీళ్లు కారుతున్నాయి. దేవవ్వ ఇక ఆగలేదు. మరిది లింగమూర్తి నిర్మల్ వెళ్లిన పూట చూసుకుని మేస్త్రి రాయమల్లును పిలిపించింది.

“మీ మరిది దాన్ని ముట్టనియ్యడంట గద,” అన్నాడు రాయమల్లు గడ్డపార దించుతూ.

“తిడితే నన్ను తిడ్తడు. నీళ్లు కాగకుంటే మా ఆయనొచ్చినంక దేంతోని తానం చేస్తడు?”

ఆ సంగతి భైంసా అంతటికీ తెలుసు. రజాకార్ల కాలంలో, దేవవ్వ పుట్టింట్లో ఉండగా, ఆమె భర్త సిద్దిరాములు మాయమయ్యాడు. రజాకార్లు పట్టుకుపోయారని, తప్పించుకుని నాందేడ్ దిక్కున బతికే ఉన్నాడని లింగమూర్తి నమ్మించాడు. అన్న పత్తి దుకాణం అతని చేతికొచ్చింది. దేవవ్వ తిరిగొచ్చేసరికి తాతలనాటి బంబు పెరట్లో కొత్త దిమ్మె మీదికి ఎక్కి ఉంది.

“పొయ్యి ఆర్పకు వదినా. అన్న ఏ పొద్దున వచ్చినా వేడినీళ్లు ఉండాలె,” అన్నాడు లింగమూర్తి అప్పుడు. పదేళ్లుగా ఆమె ఆర్పలేదు.

బంబు పక్కకు ఒరిగింది. దిమ్మె పగిలింది. కింద మట్టి మెత్తగా ఉంటే రాయమల్లు ఇంకాస్త తవ్వాడు. తెల్లటి పొర బయటపడింది.

“సున్నమా ఏంది?”

దేవవ్వ వేళ్లతో నలిపి చూసింది. సున్నం కాదు, విభూది.

ఆ విభూదిలో మోకాళ్లు ముడిచి కూర్చున్న ఎముకలు. ఎడమచేతి ఎముకల మధ్య లింగాన్ని పెట్టుకునే వెండి లింగకాయ. దాని మూత మీది సొట్ట ఆమెకు తెలుసు, అది సిద్దిరాములు మెడలో ఉండేది.

వాళ్లు లింగాయతులు. చనిపోయినవాళ్లను కూర్చోబెట్టి, చేతిలో లింగం పెట్టి, విభూది పోసి పూడుస్తారు.

“రజాకార్లు విభూది పోస్తరా, రాయమల్లూ?” అంది దేవవ్వ.

రాయమల్లు గడ్డపార వదిలేసి ఠాణా వైపు నడిచాడు. వాకిట్లోనే, నిర్మల్ నుంచి తిరిగొస్తున్న లింగమూర్తి ఎదురొచ్చాడు. ఆపబోయాడు. రాయమల్లు ఆగలేదు.

పెరట్లోకి వచ్చిన లింగమూర్తి గుంటను చూశాడు, వదినను చూశాడు.

“దుకాణం కాడ లొల్లయింది వదినా. చెయ్యి లేసింది. కని ఆచారం ఏం తప్పలే. అన్నను పద్ధతిగనే కూసోవెట్టిన.”

దేవవ్వ గుంట పక్కన కూర్చుని లింగకాయ మీది విభూది తుడిచింది.

“గిన్నేండ్లు నీ బొట్టు గూడ నిలవెట్టిన,” అన్నాడు, ఏదో మేలు చేసినవాడిలా.

“ఆయన రాలే, నీళ్లు సల్లారుతున్నయని రోజు తానానికి నిన్నే పిలిస్తి,” అంది ఆమె. “ఆయన మీద మంటవెట్టి కాగవెట్టిన నీళ్లు. గవి పోసుకొని పూజకు కూసుంటివి.”

ఆమె లేచి పెరటి తలుపు గొళ్లెం పెట్టింది. దానికే వీపు ఆనించి నిలబడింది.

“పోలీసోల్లు వచ్చేదాంక గీడ్నే కూసో. మీ అన్న కూసున్నడు గద.”