మబ్బుల మాస్టారు బకెట్ ఎత్తితే

ఏటి ఒడ్డున పొలాలున్న వాళ్ళందరికీ ఆయన మబ్బుల మాస్టారు. బడిలో పాఠం చెప్పిన పాపాన పోలేదు, మబ్బును చూసి వాన చెప్పడమే ఆయన చదువంతా. రేడియో ఎండ అంటే ఈయన వాన అనేవాడు, చివరికి తడిసేది రేడియోను నమ్మినవాళ్ళే. ఆయనకు నడుం పట్టేస్తే జడివాన, తుమ్మితే చిరుజల్లు అని భార్య ఆటపట్టించేది. బట్టలు ఆరేసే ముందు మాత్రం ఆవిడా ఓసారి ఆయన మొహం చూసేది.

ఆ విద్య తండ్రి నేర్పిందే. వానకు గంట ముందు యూరియా చల్లితే వానే దాన్ని కరిగించి వేళ్ళకు అందిస్తుందని, నీళ్ళు పెట్టే చాకిరీ తప్పుతుందని ఆయన లెక్క. మబ్బు కమ్మగానే నాన్న బకెట్ ఎత్తుకుని పరుగు, వెనక కొలత డబ్బాతో కొడుకు, ఆ వెనక పడుతూ లేస్తూ కూతురు. చల్లడం ముగించి గట్టెక్కేసరికి మొదటి చినుకు. "గెలిచాం రా!" అని నాన్న పగలబడి నవ్వేవాడు. మిగతా రోజుల్లో ఆ మనిషి మొహాన నవ్వు చూడాలంటే పెట్టి పుట్టాలి. అరవై దాటినా ఆ నవ్వు గుర్తొస్తే మాస్టారికి ఒళ్ళు పులకరించేది.

తండ్రి పోయాక బకెట్ ఆయన చేతికొచ్చింది. ఆయన ఎత్తితే చాలు, ఒడ్డు పొడుగునా అందరూ ఎత్తేవారు. నాన్న రోజుల్లో ఎకరానికి అరబస్తా చల్లితే గొప్ప, ఇప్పుడు రెండు బస్తాలకు తక్కువైతే పైరు అలుగుతుందన్నట్టు తయారయ్యారు.

ఆ ఏడు తొలకరికి చెల్లెలు పట్నం నుంచి వచ్చింది. ఏటి నీళ్ళను కుళాయిలకు వదిలే ముందు పరీక్ష చేసే గదిలో ఆమెకు ఉద్యోగం. సంచిలోంచి రెండు సీసాలు తీసి అన్న ముందు పెట్టింది. ఒకటి నిరుడు తొలి పెద్దవానకు ముందు పట్టిన నీళ్ళు, రెండోది వాన మర్నాటివి. రెండూ ఒకేలా ఉన్నాయిగా అన్నాడు మాస్టారు.

కంటికి తెలియదని, రెండో దాంట్లో ఎరువు హద్దు దాటిందని ఆమె చెప్పింది. జడివానకు యూరియా వేళ్ళదాకా పోదు, కాలవల్లో పడి ఏటికి పోతుంది. ఏటా ఆ వారం పసిపిల్లలకు కుళాయి నీళ్ళు పట్టొద్దని వీధి వీధికీ తిరిగి చెప్పాల్సి వస్తోంది. వాన వెలిశాక రెండు రోజులాగి, తడి నేలలో సగం వేసి మట్టి కప్పితే చాలు.

"అయితే నాన్న చేసిందంతా తప్పంటావు," అన్నాడు మాస్టారు.

"ఆ డబ్బా నాకివ్వమని నీతో కొట్టుకున్నదాన్ని అన్నయ్యా, నాన్నని తప్పు పడతానా? ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. నీకు చెప్పడానికి నేనున్నాను. నువ్వు బకెట్ ఎత్తకపోతే ఇక్కడ ఎవరూ ఎత్తరు."

ఆయన రెండు రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. కోపం ఆమె మీద కాదు. బతుకులో తనకున్న మంచి రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, అవన్నీ ఏట్లో కలిశాయంటే మింగుడు పడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పడమట నల్లగా కమ్ముకొచ్చింది. నడుం పట్టేసింది. అలవాటు కొద్దీ బకెట్ నింపుకుని పొలానికి నడిచాడు. అప్పటికే గట్ల మీద జనం బకెట్లతో నిలబడి ఆయన వైపే చూస్తున్నారు. చెల్లెలు కాస్త వెనకగా వచ్చి ఆగింది.

మాస్టారు గుప్పిట నిండా యూరియా తీశాడు. చెయ్యి గాలిలో కాసేపు ఆగింది. తర్వాత దాన్ని తిరిగి బకెట్లోనే పోసి, మూత బిగించి, గట్టు మీద చతికిలబడ్డాడు.

"ఏం మాస్టారూ, వాన రాదా?" అని పక్క పొలం ఆయన కేకేశాడు.

"వస్తుంది. దంచి కొడుతుంది. అందుకే వద్దంటున్నా. వెలిశాక రెండు రోజులాగి నేనే చెప్తా."

గొణుక్కుంటూనే అందరూ బకెట్లు దించారు. వాన మొదలైంది. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. వాన ముందు పరిగెత్తడమే గానీ, మొదటి చినుకు నుంచి ఇలా కూర్చుని చూడటం ఆయనకు తెలియదు. నాన్న ఒక్కసారైనా ఇలా చూశాడా అని అడిగాడు. లేదంది చెల్లెలు. మాస్టారు తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.